సరిహద్దు పల్లెల్లో గృహ సందర్శన: సామాజిక ఆరోగ్య నర్సులకు సమగ్ర మార్గదర్శి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఆరోగ్య ఉపకేంద్రాల్లో కొత్తగా చేరిన నర్సులూ, బరంపురంలో చదువుకుంటూ గ్రామ శిక్షణకు వచ్చే విద్యార్థినులూ పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంటింటికీ వెళ్ళమంటారు సరే, వెళ్ళాక ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఏది రాయాలి, ఎవరికి చెప్పాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకే సమాధానం.

ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడి కోడలు గర్భిణిగా ఒడిశాలో నమోదవుతుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికని ఆంధ్రలోని పాతపట్నం వైపో పాలకొండ వైపో వెళ్తుంది. అక్కడే కాన్పయి, కొన్ని నెలలకు బిడ్డతో తిరిగి వస్తుంది. ఆమె పేరు రెండు రాష్ట్రాల రిజిస్టర్లలోనూ ఉంటుంది కానీ, కాన్పయిన మూడో రోజున, ఏడో రోజున ఆమెను ఎవరు చూశారో చాలాసార్లు ఎక్కడా కనిపించదు. అందువల్ల ఇక్కడ పనిచేసే నర్సు, ఆ తల్లిని తరువాత చూడవలసిన నర్సుకు విషయం చేరేవరకు తన సందర్శన పూర్తికాలేదనే లెక్కలో ఉండాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ లెక్కను బట్టే అమర్చాను. గోదావరి, ప్రాణహితల అవతల మహారాష్ట్రలోని సిరొంచ వైపు పనిచేసేవారికి కూడా ఊర్ల పేర్లు తప్ప పద్ధతి ఇదే.

## 1. ముందు రోజు: ఎవరి ఇంటికి, ఏ వరుసలో

గిరిజన, కొండ ప్రాంతాల్లో ఒక ఉపకేంద్రానికి 3,000 మంది జనాభా ప్రమాణం, మైదాన ప్రాంతాల్లో అది 5,000. అందరి ఇళ్ళకూ ఒక్క వారంలో వెళ్ళడం ఎవరివల్లా కాదు గనుక, ముందు రోజు సాయంత్రమే ఆశా కార్యకర్తతో మాట్లాడి జాబితా రాసుకోవాలి. జాబితాలో ముందుగా ఉండవలసినవారు వీరు:

- కాన్పయి 42 రోజులు దాటని బాలింతలు, వారి బిడ్డలు
- పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ బరువున్న పిల్లలు
- రక్తం బాగా తక్కువగా ఉన్న, రక్తపోటు ఎక్కువగా ఉన్న గర్భిణులు
- గత నెల టీకాకు రాని పిల్లలు
- క్షయ మందులు వాడుతున్నవారు, మధ్యలో మానేసినవారు
- జ్వరాలు ఉన్నాయని కబురు వచ్చిన ఇళ్ళు

దీనికి తోడు మరో చిన్న జాబితా వేరుగా ఉంచుకోండి. దాన్ని నేను రాకపోకల జాబితా అంటాను. కాన్పుకు హద్దు దాటి వెళ్ళినవారు, అవతల కాన్పయి తిరిగి వచ్చినవారు, ఇటుక బట్టీల పనికి కుటుంబంతో వెళ్ళి వచ్చేవారు అందులో ఉండాలి. ఈ మూడు రకాల కుటుంబాలు మామూలు రిజిస్టరులో సులభంగా జారిపోతాయి.

తిరగవలసిన వరుసకు కూడా నియమం ఉంది. పసిబిడ్డలున్న ఇళ్ళు మొదట, తరువాత గర్భిణులు, ఆ తరువాత ఇతర పిల్లలు, చివర జ్వరం, దగ్గు, పుండ్లు ఉన్న ఇళ్ళు. దగ్గే రోగి ఇంట్లో కూర్చుని వచ్చి, అదే చీరతో, అదే సంచితో నాలుగు రోజుల పసికందును ముట్టుకోవడం ప్రమాదకరం. ప్రాణాపాయమని కబురు వచ్చినప్పుడు మాత్రం ఈ వరుసను పక్కన పెట్టి వెంటనే అక్కడికి వెళ్ళాలి.

## 2. సంచి సర్దుకోవడం

సంచిలో పైభాగాన సబ్బు, తువాలు, పరుచుకునే ప్లాస్టిక్ షీటు లేదా పాత వార్తాపత్రికలు ఉండాలి. చేతులు కడుక్కోకముందే సంచి లోపలంతా కెలకవలసిన అవసరం రాకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

☐ సబ్బు, తువాలు, పరిచే షీటు, ఏప్రాన్
☐ థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం
☐ బీపీ యంత్రం, స్టెతస్కోపు
☐ బిడ్డను తూచే త్రాసు, దాని గుడ్డ ఊయల
☐ జబ్బ చుట్టుకొలత టేపు
☐ హిమోగ్లోబిన్ మీటరు, స్ట్రిప్పులు, లాన్సెట్లు
☐ మలేరియా ర్యాపిడ్ టెస్టు కిట్లు, మలేరియా మందులు
☐ ఐరన్–ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలు
☐ ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింక్ మాత్రలు, పారాసిటమాల్
☐ చేతి తొడుగులు, దూది, స్పిరిట్
☐ సూదులు వేయడానికి గట్టి డబ్బా, మురికి దూదికి వేరే కవరు
☐ రిఫరల్ చీటీలు, ఖాళీ మాతా శిశు సంరక్షణ కార్డులు, పెన్ను

బయలుదేరే ముందు మూడు పరిశీలనలు తప్పనిసరి: మందులు, స్ట్రిప్పుల గడువు తేదీ, మీటర్ల బ్యాటరీ, త్రాసు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో. మలేరియా కిట్లను ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేయకూడదు, వేడికీ తేమకూ అవి పాడవుతాయి.

## 3. వేళ, భాష, వెంట వచ్చేవారు

సంత రోజున ఇళ్ళలో ఎవరూ ఉండరు. పోడు పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో తెల్లవారిన కాసేపటికే అందరూ కొండెక్కుతారు. ఈ రెండు సంగతులూ ఆశాకు తెలిసినంతగా మనకు తెలియవు కాబట్టి వేళను ఆమెనే చెప్పనివ్వండి.

ఒకే పంచాయతీలో తెలుగు, ఒడియా, సవర, కువి మాట్లాడే ఇళ్ళుంటాయి. మీకు రాని భాష మాట్లాడే ఇంటికి ఆ భాష వచ్చిన ఆశానో అంగన్‌వాడీ కార్యకర్తనో వెంట తీసుకువెళ్ళాలి. ఇంట్లోని బడిపిల్లల చేత అనువాదం చేయించడం సులువుగా అనిపిస్తుంది కానీ, రక్తస్రావం గురించో కుటుంబ నియంత్రణ గురించో తల్లి తన పదేళ్ళ కొడుకు ముందు నోరు విప్పదు. భర్త అనువదించినా అదే ఇబ్బంది.

## 4. గడప దగ్గర

బయట నిలబడి పిలిచి, వారు రమ్మన్నాకే లోపలికి వెళ్ళాలి. పేరు, ఉపకేంద్రం పేరు, వచ్చిన పని రెండు మాటల్లో చెప్పాలి. పురిటిల్లయితే చెప్పులు విప్పి, వారు ఇచ్చిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుని వెళ్ళడం ఇక్కడి మర్యాద, దాన్ని పాటిస్తే తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

మొదటి పలకరింపు ఇంటి పెద్దావిడకు దక్కాలి. “అమ్మా, కోడలినీ మనవడినీ చూసిపోదామని వచ్చాను, మీరు కూడా దగ్గరుండండి” అంటే అత్తగారు మన పక్షాన నిలబడతారు. ఆవిడను పక్కకు తప్పించి కోడలికి చెప్పిన సలహా మనం వీధి దాటేలోపే చెల్లకుండా పోతుంది. అయితే కోడలితో విడిగా మాట్లాడవలసిన విషయాలు కొన్ని ఉంటాయి. పరీక్ష చేసే సమయంలో “బీపీ చూసేటప్పుడు గది నిశ్శబ్దంగా ఉండాలి” అని చెప్పి ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించుకోవచ్చు.

## 5. సంచి తెరిచే పద్ధతి

ఈ భాగాన్ని చాలామంది తొందరగా దాటేస్తారు. ఒక ఇంటి క్రిమిని మరో ఇంటికి మోసుకుపోకుండా కాపాడేది ఇదే గనుక వరుస తప్పకుండా చేయాలి.

1. సంచిని నేల మీద పెట్టకండి. మంచం మీదో కుర్చీ మీదో షీటు పరిచి, దాని మీద పెట్టండి.
2. పైభాగం తెరిచి సబ్బు, తువాలు మాత్రమే బయటకు తీసి, సంచి మూసేయండి.
3. గాజులు, ఉంగరాలు తీసి, ఇంటివారిని చెంబుతో నీళ్ళు పోయమని అడిగి, వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్టు వరకు 40 నుంచి 60 సెకన్లు కడగండి. పళ్ళెంలో నిలవ నీళ్ళలో చేతులు ముంచడం కడగడం కిందికి రాదు.
4. ఏప్రాన్ వేసుకుని, ఆ ఇంట్లో కావలసిన పరికరాలు మాత్రమే షీటు మీదకు తీసి, సంచి మళ్ళీ మూసేయండి.
5. పని ముగిశాక చేతులు కడిగి, పరికరాలను స్పిరిట్ దూదితో తుడిచి లోపల పెట్టండి.
6. వాడిన లాన్సెట్లు గట్టి డబ్బాలోకి, రక్తపు దూది వేరే కవరులోకి వెళ్ళాలి. రెండింటినీ ఉపకేంద్రానికి తెచ్చుకోవాలి, ఆ ఇంటి పెరట్లో పారేయకూడదు.
7. షీటును, ఇంటిని తాకిన వైపు లోపలికి వచ్చేలా మడవండి. వార్తాపత్రిక అయితే అక్కడితో దాని పని అయిపోయింది.

చేతులు కడుక్కునేటప్పుడు తల్లినీ అత్తగారినీ చూడమనండి. బిడ్డను ఎత్తుకునే ముందు ఇలాగే కడగాలని వేరుగా ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

## 6. బాలింత, పసిబిడ్డ

ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళాలి. ఇంటి కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు సార్లు. నర్సు ఈ సందర్శనల్లో కొన్నింటికైనా ఆశాతో కలిసి వెళ్ళాలి. అన్నిటికీ వీలుకాకపోతే 3వ రోజు, 7వ రోజు ఎంచుకోమని నా సలహా, ఎందుకంటే తల్లికీ బిడ్డకూ ముప్పు ఎక్కువగా వచ్చేది ఆ మొదటి వారంలోనే.

బిడ్డను చూసే వరుస. ముట్టుకోకముందే చూడాలి. ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్క తప్పుతుంది.

తల్లి ఒడిలో నిద్రపోతున్న బిడ్డ చొక్కా కొద్దిగా పైకి జరిపి, గడియారాన్ని పొట్ట పక్కనే పట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటిగా నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి సమంగా ఉండదు. కొద్దిసేపు చకచకా పీల్చి, కాసేపు ఆగినట్టుండి, మళ్ళీ మొదలవుతుంది. అందుకే 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. లెక్క 60 లేదా అంతకు మించితే కాసేపాగి రెండోసారి లెక్కించాలి. అప్పుడూ అంతే ఉంటే అది ప్రమాద సూచన. రొమ్ము కింది భాగం, డొక్కలు లోతుగా లోపలికి పోతున్నాయా అన్నది కూడా అప్పుడే చూడాలి.

తరువాత చంకలో ఉష్ణోగ్రత. 36.5 నుంచి 37.4 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిదే. 35.5 నుంచి 36.4 వరకు ఉంటే బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, గంట తరువాత మళ్ళీ చూడాలి. 35.5 కన్నా తక్కువున్నా, 37.5 లేదా అంతకన్నా ఎక్కువున్నా ఆసుపత్రికి పంపాలి.

ఆ తరువాత బొడ్డు, కళ్ళు, చర్మం, మాడు చూసి, బరువు తూచాలి. నెలలు నిండిన బిడ్డ మొదటి వారంలో కొద్దిగా బరువు తగ్గడం మామూలే. పదోవంతు కన్నా ఎక్కువ తగ్గినా, రెండు వారాలకు పుట్టిన బరువుకు చేరకపోయినా పాలు సరిగా అందడం లేదని అనుమానించాలి. చివరగా తల్లిని పాలివ్వమని, ఒక పూట పాలు తాగడం మొదలునుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్మును తాకేలా, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం ఎక్కువగా నోట్లోకి వెళ్ళేలా పట్టిందా? మింగే శబ్దం వినిపిస్తోందా? “పాలు పడటం లేదు” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి పరిష్కారం ఆ పది నిమిషాల్లోనే దొరుకుతుంది.

వెంటనే పంపవలసిన సూచనలు, బిడ్డలో:

☐ పాలు తాగడం మానేయడం, మందకొడిగా ఉండటం
☐ మూర్ఛ
☐ ఊపిరి 60 లేదా ఆ పైన, డొక్కలు లోపలికి పోవడం
☐ ఒళ్ళు చల్లబడటం లేదా జ్వరం
☐ పుట్టిన 24 గంటల్లోపు పచ్చబారడం, ఆ తరువాతైనా అరచేతులు, అరికాళ్ళ వరకు పసుపు రంగు పాకడం
☐ బొడ్డు చుట్టూ ఎరుపు, చీము
☐ 1,800 గ్రాముల కన్నా తక్కువ బరువు

వెంటనే పంపవలసిన సూచనలు, తల్లిలో:

☐ గంట గడవకముందే గుడ్డ పూర్తిగా తడిసిపోయేంత రక్తస్రావం
☐ జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం
☐ బీపీ 140/90 లేదా ఆ పైన ఉండి తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ
☐ ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి
☐ రొమ్ములో గడ్డ, తీవ్రమైన నొప్పి
☐ బిడ్డను పట్టించుకోకపోవడం, నిద్ర లేకపోవడం, చనిపోవాలనిపిస్తోందనే మాట

చివరి అంశాన్ని “పురిటి నీరసం” అని కొట్టిపారేయవద్దు. దాన్ని అడిగి తెలుసుకోవలసిందే.

ఇంటి అలవాట్ల గురించి. ముర్రుపాలు పిండి పారబోయడం, బొడ్డుకు బూడిదో పసుపో నూనెతో కలిపి రాయడం, గది నిండా పొగ వేయడం, బాలింతకు కారం అన్నం తప్ప కూరలు పెట్టకపోవడం, పొట్ట ఉబ్బిన బిడ్డకు చురకలు పెట్టడం ఈ పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. అన్నిటినీ ఒకేసారి తప్పుబడితే ఇంటివారు అన్నిటినీ మన నుంచి దాచేస్తారు. హాని చేసేవీ చేయనివీ వేరుచేసుకోండి. నడుముకు గుడ్డ చుట్టడం, వేన్నీళ్ళ స్నానం వంటి వాటి జోలికి వెళ్ళకండి. బొడ్డుకు ఏదీ రాయకూడదని, చురకలు అసలు పెట్టకూడదని మాత్రం మెత్తగా, తిరుగులేకుండా చెప్పండి. పథ్యం విషయంలో ఇంట్లో ఇప్పటికే ఒప్పుకునే వాటితో మొదలుపెట్టండి. మునగాకు, పప్పు, గుడ్డు, చేప, వీటిలో ఏది పెట్టడానికి అత్తగారికి అభ్యంతరం లేదో అడిగి, దానితో ప్రారంభించవచ్చు.

కాన్పు తరువాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. తదుపరి కాన్పుకు కనీసం మూడేళ్ళ ఎడం ఉండాలన్న మాట 42వ రోజు లోపు ఒకసారైనా తల్లితో విడిగా మాట్లాడాలి.

## 7. గర్భిణి ఉన్న ఇల్లు

కనీసం నాలుగు పరీక్షలు జరగాలి: 12 వారాల లోపు మొదటిది, తరువాత 14–26, 28–34 వారాల మధ్య ఒక్కొక్కటి, 36 వారాల తరువాత ఒకటి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. ఆ రోజుకు తీసుకువెళ్ళే బాధ్యత ఎవరిదో ఇంట్లోనే తేల్చండి.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత, 7 కన్నా తక్కువుంటే తీవ్రమైనది, దాన్ని ఇంటి దగ్గర మాత్రలతో సరిదిద్దే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోకూడదు, మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. “మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగితే అందరూ అవుననే అంటారు. “ఆ డబ్బా ఒకసారి చూపించమ్మా” అని అడిగి, మిగిలినవి లెక్కపెట్టండి. మలం నల్లబడుతుందని, కొందరికి కడుపులో తిప్పుతుందని, భోజనం చేశాక వేసుకుంటే తగ్గుతుందని ముందే చెబితే మాత్రలు మానేసేవారు తగ్గుతారు.

కాన్పు ప్రణాళిక. సరిహద్దు పల్లెల్లో దీని మొదటి ప్రశ్న, “కాన్పు ఏ వైపు?” అనే. ఏడో నెలలోపే అడగండి. సమాధానాన్ని బట్టి ఇవి తేల్చుకోవాలి:

☐ పుట్టింటి ఊరు, మండలం, ఇంట్లోవారి ఫోన్ నంబరు
☐ అక్కడి ఉపకేంద్రం, ఆశా లేదా నర్సు ఫోన్ నంబరు
☐ ఎప్పుడు బయలుదేరుతుంది, ఎప్పటికి తిరిగి వస్తుంది
☐ చేరవలసిన ఆసుపత్రి, అది అందకపోతే రెండోది
☐ 108, 102 వాహనం ఊరి దాకా వస్తుందా, రోడ్డు ఎక్కడిదాకా ఉంది, హద్దు అవతలి ఆసుపత్రికి తీసుకువెళ్తుందా
☐ అవసరమైతే రక్తం ఇవ్వగలవారు ఇద్దరు
☐ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు ఒకే కవరులో

చివరి నుంచి మూడో అంశాన్ని నొప్పులు మొదలయ్యాక కాకుండా ముందే ఫోన్ చేసి తెలుసుకోవాలి. రోడ్డు లేని కొండ మీది ఊళ్ళ గర్భిణులు కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండేందుకు ఒడిశాలో ‘మా గృహ’ వసతి ఉంది. వర్షాకాలంలో వాగులు దాటవలసిన వారికి దీని గురించి తొమ్మిదో నెల రాకముందే చెప్పాలి.

## 8. జ్వరం, దగ్గు, వాంతి విరేచనాలు

జ్వరం ఉన్న ప్రతివారికీ ఆ రోజే మలేరియా ర్యాపిడ్ టెస్టు చేయాలి. కిట్ పొట్లాన్ని సరిగ్గా రక్తం తీసే ముందు మాత్రమే తెరవాలి. కిట్ మీద రాసిన సమయానికి ఫలితం చూడాలి, ముందూ కాదు, గంట తరువాతా కాదు. కంట్రోల్ గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. ఫాల్సిపరం (ప్రాణాపాయం తేగల మలేరియా రకం) అని తేలితే మూడు రోజుల ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మిశ్రమ మలేరియా మందు) మందులో మొదటి మోతాదు మీ ఎదుటే మింగించి, అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ ఇవ్వాలి. మలేరియాకు ఇచ్చే మరో మందు ప్రైమాక్విన్‌ను గర్భిణులకూ ఏడాది లోపు పిల్లలకూ ఇవ్వకూడదు. స్పృహ తప్పడం, మూర్ఛ, ఏమీ తాగలేకపోవడం ఉంటే మందు కోసం చూడకుండా ఆసుపత్రికి పంపాలి.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్షకు పంపాలి. క్షయ రోగి హద్దు దాటి పనికి వెళ్తుంటే నిక్షయ్ (ప్రభుత్వ క్షయ రోగుల ఆన్‌లైన్ నమోదు) నంబరు రాసిచ్చి, అదే నంబరుతో అవతల మందులు కొనసాగించవచ్చని, చికిత్సను బదిలీ చేయించవచ్చని చెప్పండి. 2024 నవంబరు నుంచి పోషణ సాయం నెలకు 1,000 రూపాయలు. మందులు ఆగితే ఆ సాయంతో పాటు ప్రాణమూ ప్రమాదంలో పడుతుంది.

విరేచనాలయ్యే బిడ్డకు లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ పొట్లం. లీటరు అంటే ఎంతో ఆ ఇంట్లోని గిన్నెతోనే కొలిచి చూపించాలి. కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలలు దాటిన వారికి జింక్ 20 మిల్లీగ్రాములు, 2–6 నెలల వారికి 10 మిల్లీగ్రాములు, విరేచనాలు కట్టినా 14 రోజులు పూర్తిగా ఇవ్వాలి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు కంటబడితే జబ్బ కొలవండి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే, లేదా రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే, తీవ్ర పోషకాహార లోపంగా లెక్కించి పంపాలి.

## 9. కార్డు రాయడం, కబురు చేరవేయడం

నా దృష్టిలో సరిహద్దు నర్సు నైపుణ్యమంతా తేలేది ఇక్కడే.

ఒక బిడ్డ కార్డు మీద ఆంధ్ర వైపు టీకాలు తెలుగులో, ఒడిశా వైపువి ఒడియాలో రాసి ఉంటాయి. ఒడియా అంకెలు తెలుగువారికీ, తెలుగులో రాసిన నెలల పేర్లు ఒడియావారికీ తెలియవు. కాబట్టి తేదీని ఎప్పుడూ 1, 2, 3 అంకెల్లోనే, రోజు–నెల–సంవత్సరం వరుసలో, సంవత్సరం నాలుగు అంకెలతో రాయాలి. టీకా పేరుకు వాడుకలో ఉన్న ఇంగ్లీషు పొట్టి పేరు రాస్తే ఇరువైపులా చదవగలరు. తల్లి పేరు పక్కన పుట్టింటి పేరు, అత్తవారింటి పేరు రెండూ ఉండాలి. పుట్టింట్లో సరోజిని, అత్తింట్లో లక్ష్మి అయిన తల్లులు రెండు రిజిస్టర్లలో ఇద్దరు మనుషులుగా మిగిలిపోతున్నారు.

గర్భిణి హద్దు దాటేముందు చేయవలసినవి:

1. కార్డులో చివరి బీపీ, హిమోగ్లోబిన్, బరువు, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా తేదీలు, కాన్పు తేదీ అంచనా నింపండి.
2. ప్రమాద సూచన ఏదైనా ఉంటే కార్డు మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాయండి.
3. ఆమె అనుమతి తీసుకుని కార్డు ఫోటో తీసి ఉంచుకోండి.
4. అవతలి నర్సుకు ఆ గర్భిణి ఎదుటే ఫోన్ చేసి, ఆమెతోనూ ఒక మాట మాట్లాడించండి. వినని గొంతుకన్నా విన్న గొంతు మీద నమ్మకం త్వరగా కుదురుతుంది.
5. మీ రిజిస్టరులో ఆమె పేరు కొట్టేయకుండా, ‘పుట్టింటికి’ అని రాసి, కాన్పు అంచనా తేదీ తరువాత మూడో రోజున మళ్ళీ విచారించాలని గుర్తు పెట్టుకోండి.

రోగ వివరాలను వాట్సాప్ బృందాల్లో పెట్టకూడదు, సంబంధిత నర్సుకు విడిగానే పంపాలి. హెచ్‌ఐవీ, క్షయ, గర్భస్రావం వంటి సంగతులు వైద్యపరంగా తెలియవలసినవారికి తప్ప ఆశా బంధువులకు కూడా చేరకూడదు. ఊళ్ళో అందరూ ఒకరికొకరు చుట్టాలేనన్నది మరవకండి.

బిడ్డ తిరిగి వచ్చి, కార్డు లేకపోతే: ముందు పుట్టిన ఆసుపత్రికీ, అక్కడి ఉపకేంద్రానికీ ఫోన్ చేయండి. ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ వేదిక యు-విన్‌లో నమోదై ఉంటే తల్లి ఫోన్ నంబరుతో వెతకండి. ఎడమ జబ్బ మీద బీసీజీ (క్షయ నివారణ టీకా) మచ్చ చూడండి. కొత్త కార్డు రాసి, నిర్ధారించిన తేదీలు మాత్రమే అందులో నింపండి. మధ్యలో విడిచిన టీకాలను మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తే చాలు. ఏ ఆధారమూ దొరకకపోతే వైద్యాధికారిని అడిగి నిర్ణయించండి. “కార్డు తెచ్చాక రండి” అని బిడ్డను తిప్పి పంపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆ తల్లి రెండోసారి రాకపోవచ్చు.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

సందర్శన మొత్తం మాటలతోనే ముగియడం. సలహాలు చెప్పాక పరీక్షకు సమయం చాలదు. ముందు అడగండి, తరువాత పరీక్షించండి, చివరగా రెండు లేదా మూడు విషయాలే చెప్పండి. చెప్పినదాన్ని తల్లి చేత తిరిగి చెప్పించండి.

“బాగున్నావా?” అని అడగడం. బాగున్నాననే జవాబు వస్తుంది. “నిన్నటి నుంచి బిడ్డ ఎన్నిసార్లు మూత్రం పోసింది?” అని అడిగితే లెక్క వస్తుంది. పాలు బాగా అందే బిడ్డ మూడో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు పోస్తుంది.

రిఫరల్ చీటీ ఇచ్చి వచ్చేయడం. వాహనం, తోడు, ఇంట్లో మిగిలిన పిల్లలు, పశువులు, ఈ నాలుగింటికీ దారి చూపకపోతే చీటీ గూట్లోనే ఉంటుంది. ఎవరు తీసుకువెళ్తారో పేరుతో సహా తేలాకే లేవండి. ఆసుపత్రికి ముందుగా ఫోన్ చేసి, మరునాడు చేరారో లేదో కనుక్కోండి.

ఇల్లు తాళం వేసి ఉంటే ‘లేరు’ అని రాసి ముగించడం. ఎక్కడికి వెళ్ళారో పొరుగువారిని అడిగి, రాకపోకల జాబితాలో చేర్చండి.

మళ్ళీ ఎప్పుడు వస్తారో చెప్పకపోవడం. తేదీని కార్డు మీదే రాయండి. ఆ రోజు వెళ్ళలేకపోతే ఆశా ద్వారా కబురు చేయండి.

ఇంటి దగ్గర కూర్చుని రిజిస్టరు నింపడం. చూడని బీపీని 110/70 అని రాస్తే, అవతల కాన్పు చేసే నర్సు దాన్ని నిజమని నమ్ముతుంది. కొలవలేకపోతే ‘కొలవలేదు’ అని రాయండి.

## 11. అదే రోజు సాయంత్రం

☐ లాన్సెట్ల డబ్బా, మురికి దూది నిర్ణీత డబ్బాల్లో వేశాను
☐ త్రాసు గుడ్డ, ఏప్రాన్ ఉతకడానికి వేశాను
☐ వాడిన మందులు, కిట్లు లెక్క రాసి, తగ్గినవి తిరిగి పెట్టాను
☐ రిజిస్టరు, ఆన్‌లైన్ నమోదు పూర్తిచేశాను
☐ పంపిన ప్రతి కేసు గురించి ఆసుపత్రితో మాట్లాడాను
☐ హద్దు దాటినవారి గురించి అవతలి నర్సుకు ఫోన్ చేశాను, ఆమె చెప్పిన జవాబు తేదీతో రాసుకున్నాను
☐ రేపు వెళ్ళవలసిన ఇళ్ళ జాబితా ఆశాకు చెప్పాను

ఫోన్ సిగ్నల్ లేని ఊరి నుంచి వస్తుంటే, చివరి రెండు పనులూ సిగ్నల్ దొరికిన మొదటి చోటే బండి ఆపి చేయండి. ఆ సాయంత్రం అవతలి నర్సు ఫోన్ ఎత్తకపోతే, తల్లి పేరు, ఊరు, కాన్పు తేదీ, చూడవలసిన ప్రమాద సూచనతో ఆమెకు విడిగా సందేశం పంపి, మరునాడు ఉదయం పనిలోకి వెళ్ళేముందు మళ్ళీ ఫోన్ చేయండి.